120 గూగుల్ ఫారాలు నింపిస్తే ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో పరిశోధన అయిపోయినట్టేనా?

చివరిసెమిస్టర్:
ప్రాజెక్టు ఒక్కడినే చేస్తున్నాను. టీమ్ లేదు, టాపిక్ కూడా నన్నే వెతుక్కోమన్నారు. మా లైబ్రరీలో పుస్తకం ముందే రిజర్వ్ చేసుకునే సాఫ్ట్‌వేర్ ఉంది, చాలామంది దాని మొహం కూడా చూడరు. ఎందుకో తేల్చాలని నా ఆశ. టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్ (జనం ఒక సాఫ్ట్‌వేర్‌ని ఎందుకు వాడతారో చెప్పే సిద్ధాంతం) ప్రశ్నలు 12 పెట్టి, 120 మందితో ఫారం నింపిద్దామనుకున్నా. సీనియర్ అన్న ఒకరు "అది పరిశోధన కాదురా, జనాభా లెక్క" అన్నారు. చేతిలో 14 వారాలున్నాయి. ఒంటరిగా చేసేవాడికి సర్వే తప్పా?

లాగ్‌ఫైలు:
తప్పు కాదు తమ్ముడూ, దండగ. ఆ మోడల్ గురించి ఫ్రెడ్ డేవిస్ 1989లో రాసినప్పుడు అది కొత్త మాట: పనికొస్తుందనిపిస్తే వాడతారు, తేలికనిపిస్తే వాడతారు. నువ్వు 120 మందిని అడిగి మళ్ళీ అదే చెబుతావు. వానలో నిలబడితే తడుస్తారని నిరూపించడానికి 14 వారాలెందుకు? పైగా ఫారం నింపేది నీ ఫ్రెండ్సే. నా ప్రాజెక్టులో జవాబులు తెరిచి చూస్తే వరసగా 17 మంది అన్నిటికీ 4 నొక్కేశారు. "ఇది వాడాలంటే విసుగు" అని కావాలని తిరగేసి పెట్టిన ప్రశ్నకీ 4! "వాడతాను" అనడం వేరు, వాడటం వేరు. సర్వర్ లాగ్ అడుగు, ఎవరు ఎప్పుడు వాడారో సాఫ్ట్‌వేర్ తనంతట తానే రాసుకునే చిట్టా.

పట్టికలపంతులు:
లాగ్‌ఫైలు గారూ, డేవిస్‌ని అంత తేలిగ్గా తీసిపారేయకండి. ఆయన రెండు అధ్యయనాల్లో కలిపి 152 మందే. టొరంటోలోని ఐబీఎం ల్యాబ్‌లో 112, ఎంబీఏ విద్యార్థులు 40. ఆయన చెమటోడ్చింది కొలబద్ద మీద: ఒక్కో భావానికి (పనికొస్తుందా, తేలికా) 14 ప్రశ్నలతో మొదలెట్టి, వడపోసి వడపోసి 6కి తెచ్చారు. ఒంటరి విద్యార్థికి అలా గట్టిపడిన ప్రశ్నలు చేతికందడం చిన్న విషయమా? ఇక తిరగేసిన ప్రశ్న పెట్టబట్టే కదా మీ 17 మంది దొరికిపోయారు. సర్వే బదులు ఇంటర్వ్యూలు చేద్దామంటే, గంట ఇంటర్వ్యూ టైపు చేయడానికి నాకు ఐదు గంటలు పట్టేది, డజను మందిని మాట్లాడిస్తే లెక్కేసుకోండి. లాగ్ ఇమ్మని అర్జీ పెడితే అనుమతి వచ్చేసరికి సెమిస్టర్ ముగుస్తుంది.

నైట్‌షిఫ్టు:
మీ గొడవలో ఒకటి గమనించా. లాగ్ నిజమే చెబుతుందని ఇద్దరూ ఒప్పేసుకున్నారు. నాకది అబద్ధం చెప్పింది.

నాది ఒక ఆఫీసులో ఫిర్యాదులు నమోదు చేసే సాఫ్ట్‌వేర్ మీద. లాగ్‌లో ఎంట్రీలన్నీ సాయంత్రం 5:10 నుంచి 5:40 మధ్యే. "సాయంత్రం రద్దీ ఎక్కువ" అని గ్రాఫుతో సహా రెండు పేజీలు రాసేశా. తర్వాత ఒకరోజు ఊరికే వెళ్ళి కూర్చున్నా. పొద్దున పదిన్నరకే జనం. గుమస్తా గారు సొరుగులోంచి పొడవాటి నోటుబుక్ తీసి అందులో రాసుకుంటున్నారు. ఇదేంటండీ అంటే, ఐడీ నంబరు కొట్టకపోతే స్క్రీన్ సేవ్ కానివ్వదట, వచ్చేవాళ్ళకేమో నంబరు గుర్తుండదట. సాయంత్రం తీరిగ్గా వెతికి ఎక్కించేవారు. దొరకనివాళ్ళకి 00000. అదే మనిషి నా సర్వేలో ఆ సాఫ్ట్‌వేర్‌కి 5కి 4 ఇచ్చారు. మొహమాటం కాదు, ఆయనకది నిజంగానే నచ్చింది. నోటుబుక్ పక్కనున్నంత కాలం.

లాగ్‌ఫైలు:
00000 దగ్గర ఓడిపోయా. కానీ పంతులు గారికి కాదు. లిన్ మార్కస్ 1983లో ఒక కంపెనీ అకౌంటింగ్ సిస్టమ్ గురించి రాశారు. డివిజన్ల అకౌంటెంట్లు దానికి అడ్డం తిరిగింది వాడటం రాక కాదు, అప్పటిదాకా తమ గుప్పిట్లో ఉన్న లెక్కలు నేరుగా హెడ్డాఫీసు కంట పడతాయని. "వాడటం తేలికా?" అని ఎన్నిసార్లు అడిగినా ఆ సంగతి బయటికి రాదు.

కోడ్‌కొట్టు:
ఇంత రామాయణం ఎందుకు, కొత్త యాప్ కట్టి చూపించు. కొత్తది కట్టడమే పరిశోధనగా చేసే పద్ధతికి హెవ్నర్ బృందం 2004లోనే డిజైన్ సైన్స్ అని దారి వేసింది కదా.

పట్టికలపంతులు:
కడితే చాలదు, పనిచేస్తుందో లేదో గట్టిగా పరీక్షించాలని కూడా ఆ పేపరే అంటుంది. మనవాళ్ళు 13 వారాలు కట్టి, ఆఖరి వారం నలుగురికి చూపించి "బాగుంది" అనిపించుకుంటారు. వదిలేయండి.

నైట్‌షిఫ్టు గారూ, ఒక సందేహం. ఆ బల్ల దగ్గర కూర్చునేది ఒక్కరే. పేరు తీసేసినా ఎవరో ఆఫీసంతా తెలుసు. 00000 సంగతి పైవాళ్ళు చదివితే ఆయన గతేంటి? 120 మందిలో అయితే ఒక మనిషి దాక్కోగలడు.

నైట్‌షిఫ్టు:
నిజమే. ఆ పేజీలు ముందు ఆయనకే చూపించా. "నోటుబుక్ ఉంచు బాబూ, సున్నాలు తీసెయ్" అన్నారు. తీసేశా. రిపోర్టు మొత్తంలో బలమైన ముక్క అదే. వైవాలో "నంబరు దొరకనివాళ్ళ ఎంట్రీలు ఎలా సేవయ్యాయి?" అని అడిగితే నీళ్ళు నమిలా. ఇప్పుడు చెబుతున్నానంటే ఆయన రిటైరయ్యారు, ఆ సాఫ్ట్‌వేరూ పోయింది.

చివరిసెమిస్టర్:
ఇవాళ కౌంటర్ పక్కన గంటన్నర కూర్చున్నా. అడిగే కూర్చున్నా సార్. 11 మంది వచ్చారు, రిజర్వ్ చేసుకున్నవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరూ అందరితోపాటు లైన్‌లోనే నిలబడ్డారు, వాళ్ళనీ "ఏ పుస్తకం?" అనే అడిగారు, పుస్తకం అప్పుడే లేచి తెచ్చారు. నా 12 ప్రశ్నల్లో ఒక్కదాంట్లోనూ లైన్ అన్న మాటే లేదు. గైడ్‌కి చెబితే, సర్వే 30 మందికి తగ్గించి రెండు వారాలు అక్కడే కూర్చోమన్నారు. పంతులు గారూ, 30 మందితో ఫ్యాక్టర్ అనాలిసిస్ (ఏ ప్రశ్నలు కలిసి ఒకే భావాన్ని కొలుస్తున్నాయో తేల్చే లెక్క) చేస్తే నవ్వుతారా?

పట్టికలపంతులు:
నవ్వుతారు. ఎంతమంది ఏమన్నారో లెక్క రాసి ఊరుకో. ముందు ఆ కౌంటర్‌లో ఆవిడ దగ్గర రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకో, నోటిమాట కుదరదు.