మొదటి చిలుక: బడ్జీనా, కాక్‌టైలా, కోనూరా? వైజాగ్ ఫ్లాట్‌లో ఏది నిలుస్తుంది?

మద్దిలపాలెం మూడో అంతస్తు
అందరికీ నమస్కారం. మాది మద్దిలపాలెంలో రెండు గదుల ఫ్లాట్. నేను, మా ఆవిడ, ఆరో తరగతి చదివే పాప, మా అమ్మ. మేమిద్దరం ఉద్యోగాలకి పోతాం, పగలు అమ్మ ఒక్కతే ఉంటుంది. పాప రెండేళ్ళుగా చిలుక కావాలని ప్రాణం తీస్తోంది. మాకు పక్షుల సంగతి ఏమీ తెలియదు. ఒకసారి అక్వేరియం పెట్టి మూడు నెలలకి ఎత్తేశాం, అదీ మా అనుభవం.

మొన్న ఆదివారం ఒక షాపులో సన్ కోనూర్ అనే విదేశీ చిలుక పిల్లని చూపించారు. ఇంకా ఈకలు కూడా సరిగ్గా రాలేదు. "సిరంజితో మీరే తినిపించుకోండి సార్, మీ చేతిలో పెరిగితే పిలవగానే భుజం మీదకొస్తుంది" అన్నాడు. 18,000 చెప్పాడు. పాప మొహం చూడలేక వెయ్యి అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను. ఇంటికొచ్చాక పెందుర్తి బాబాయి ఫోన్ చేసి, "అంత డబ్బు తగలేస్తావేంట్రా, మా తోటలో తాటిచెట్టు తొర్రలో రామచిలుక పిల్లలున్నాయి, ఒకటి దింపించి పంపుతా" అన్నాడు. ఆఫీసులో స్నేహితుడేమో, "ముందు లవ్ బర్డ్స్ పెంచు, అవి బతికితే పెద్దది చూద్దువు గాని" అంటాడు. ఎవరి మాట వినాలి?

గాజువాక గువ్వ
మీ ఫ్రెండ్ మాటే కరెక్ట్. కొత్తవాళ్ళకి లవ్ బర్డ్స్‌ని మించినవి లేవు. జత ఆరేడు వందల్లో వస్తుంది, తిండి కొర్రలు, సామలు. కరవవు, గోల చెయ్యవు. ఏదైనా పొరపాటు జరిగి పోయినా 18 వేలు పోయినంత బాధ ఉండదు కదా. నేర్చుకున్నాక కోనూర్ కొనుక్కోవచ్చు.

ఉప్పుగాలి
లవ్ బర్డ్స్ కరవవా? ఏటి బాబూ, నా బొటనవేలు మీద మచ్చ ఇప్పటికీ ఉంది, వచ్చి చూడండి. రక్తం కారేలా కరిచింది. పంజరంలో చెయ్యి పెట్టనిస్తే ఒట్టు.

గాజువాక గువ్వ
మావి ఏడేళ్ళుగా ఉన్నాయి, ఒక్కసారీ కరవలేదు. మీరు పట్టుకోవడంలోనే తేడా ఉండి ఉంటుంది.

సీతమ్మధార పాత కాపు
మీరిద్దరూ వేరువేరు పక్షుల గురించి పోట్లాడుకుంటున్నారు. మన దగ్గర షాపుల్లో "లవ్ బర్డ్స్" అని అమ్మేవి నిజానికి బడ్జీలు, ఆస్ట్రేలియా పక్షులు. 30, 40 గ్రాములు ఉంటాయి, తోక పొడవు, వీపు మీద అలల్లాంటి చారలు. గువ్వగారివి అవే. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. పొట్టి తోక, బొద్దు మనిషి, పెద్ద ముక్కు, దానికి తగ్గ పౌరుషం. ఉప్పుగాలి గారి వేలు కొరికింది అది. ఈ ఒక్క పేరు తికమక వల్ల ఎంతమంది బడ్జీ అనుకుని కోపిష్టిని ఇంటికి తెచ్చుకున్నారో నాకు తెలుసు.

ఇక అడిగినాయన విషయం. నాకు నచ్చనిది "బతికితే అప్పుడు పెద్దది" అన్న మాట. బడ్జీ అంటే ప్రాక్టీస్ నోట్‌బుక్ కాదండీ. సరిగ్గా చూసుకుంటే ఏడెనిమిదేళ్ళు, ఒక్కోసారి పదేళ్ళు ఉంటుంది. మగ బడ్జీలు మాటలు కూడా నేర్చుకుంటాయి. పక్ అనే బడ్జీకి 1,728 మాటలు వచ్చని 1995 గిన్నిస్ పుస్తకంలో ఎక్కింది. చవగ్గా వస్తుంది కాబట్టి చచ్చినా ఫర్వాలేదు అనుకుంటే అది చస్తుంది, మీరు నేర్చుకునేది కూడా ఏమీ ఉండదు.

నా ఓటు కాక్‌టైల్‌కి, అంటే తల మీద కుచ్చు ఉండే చిన్న ఆస్ట్రేలియా చిలుకకి. మా అబ్బాయి ఎనిమిదో తరగతిలో ఉండగా, 2013లో కొన్నాం. హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు, 2014 అక్టోబరు 12న, పంజరాన్ని కిటికీ లేని స్టోర్ రూమ్‌లోకి తోసి, దుప్పటి కప్పి, నేనూ అక్కడే కూర్చున్నాను. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. కాక్‌టైల్‌కి చీకట్లో ఉన్నట్టుండి బెదిరి రెక్కలు కొట్టుకునే అలవాటు ఉంటుంది, అందుకని రాత్రంతా చిన్న దీపం పెట్టి ఉంచాను. అబ్బాయి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. పక్షి నాకు మిగిలింది. పొద్దున్నే ప్రెజర్ కుక్కర్ కంటే ముందు అదే ఈల వేస్తుంది. మీ పాపకి పదకొండేళ్ళయితే, పాప పై చదువులకి వెళ్ళాక కూడా ఆ పక్షి మీ ఇంట్లోనే ఉంటుంది. అప్పుడు ఎవరు చూస్తారో ఇప్పుడే అనుకోండి.

ఎన్ఏడీ ఆకుపచ్చ
అక్కా, ప్రాక్టీస్ పక్షి అనే ఆలోచన తప్పని నేనూ ఒప్పుకుంటాను. కానీ దాని అర్థం ఇంకోటి ఉంది. పాపకి మనసు కోనూర్ మీద ఉంటే, బడ్జీ కొనిచ్చి "దీంతో సర్దుకో" అంటే రెండు నెలల్లో పంజరం బాల్కనీకి పోతుంది. మనసు పడ్డ పక్షినైతే చూసుకుంటారు. నా మొదటి పక్షే గ్రీన్ చీక్ కోనూర్. సన్ కోనూర్ అంత గోల ఉండదు, జేబులో దూరి పడుకుంటుంది, నా వెంటే తిరుగుతుంది. కొరుకుతుందా? కొరుకుతుంది. చెవి తమ్మెలు జాగ్రత్త. నాలుగేళ్ళయింది, ఒక్క రోజూ విచారించలేదు.

సీతమ్మధార పాత కాపు
తమ్ముడూ, నువ్వు ఇంట్లో కూర్చుని పని చేస్తావని నువ్వే ఇంతకుముందొకసారి చెప్పావు. వీళ్ళింట్లో ఇద్దరూ పొద్దున పోతే సాయంత్రం వస్తారు. కోనూర్‌కి ఒంటరితనం పడదు. అరుస్తుంది, ఈకలు పీక్కుంటుంది.

ఎన్ఏడీ ఆకుపచ్చ
వాళ్ళమ్మగారు ఉన్నారుగా.

ఉప్పుగాలి
అమ్మగారిని ఎవరైనా అడిగారా?

కాగితాల మనిషి
ముందు బాబాయిగారి తాటిచెట్టు సంగతి తేల్చండి. రామచిలుకని పట్టుకోవడం, కొనడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మెడకు గులాబీ పట్టీ ఉన్నదైనా, రెక్క మీద ఎర్ర మచ్చ ఉన్న పెద్ద చిలుకైనా ఒకటే. చిలక జోస్యం వాళ్ళు రోడ్డు మీద కనిపించకుండా పోవడానికి ఇదీ ఒక కారణం. జైలు, జరిమానా రెండూ ఉన్నాయి.

విదేశీ పక్షుల్లోనూ తేడా ఉంది. బడ్జీ, కాక్‌టైల్, ముఖం గులాబీ రంగులో ఉండే లవ్ బర్డ్, ఈ మూడూ సైటిస్ జాబితాలో లేవు. సైటిస్ అంటే వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం. సన్ కోనూర్, గ్రీన్ చీక్, కంటి చుట్టూ తెల్ల వలయం ఉండే లవ్ బర్డ్స్ ఆ జాబితాలో ఉన్నాయి. అలాంటివాటిని కేంద్రం 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలపాలి. షాపతను ఆ కాగితాల ఊసెత్తాడా? ఎత్తకపోతే ఆ వెయ్యి వదిలెయ్యండి.

ఆఫ్రికన్ గ్రే అనే పెద్ద బూడిదరంగు చిలుక గురించి ఎవరూ అడగలేదు గానీ ఎవరో ఒకరు అడుగుతారు. 2016లో దాన్ని సైటిస్‌లో అన్నిటికంటే కఠినమైన మొదటి అనుబంధంలోకి మార్చారు. నలభై యాభై ఏళ్ళు బతుకుతుంది. కొత్తవాళ్ళకి ససేమిరా వద్దు.

పెందుర్తి పెంకుటిల్లు
చట్టాలు మీరు చెప్పండి, వింటాం. మా తాతగారి అరుగు మీద రామచిలుక ముప్ఫై ఏళ్ళు ఉంది. మా నాయనమ్మని పేరు పెట్టి పిలిచేది. జామకాయ, పండుమిర్చి తిని సుఖంగా బతికింది. ఎక్కడో ఆస్ట్రేలియా పక్షికి లైసెన్స్ అక్కర్లేదు, మన పెరట్లో తిరిగే చిలుకని ముట్టుకుంటే జైలు. ఇదేం న్యాయం?

కాగితాల మనిషి
అన్యాయం కాదండీ, లెక్క. షాపులో బడ్జీ పంజరంలో పుట్టి పంజరంలో పెరిగిన సంతతి. రామచిలుక మాత్రం ప్రతిసారీ తొర్రలోంచి రావాల్సిందే. నాలుగు పిల్లల్ని దింపితే ఎన్ని మిగులుతాయో మీ ఊళ్ళో దింపేవాళ్ళనే అడగండి. మీ తాతగారి చిలుక ఒకటే మీకు గుర్తుంది. దారిలో పోయినవి ఎవరికీ గుర్తుండవు.

పెందుర్తి పెంకుటిల్లు
సరే. మరి ఇప్పటికే ఇళ్ళల్లో ఉన్నవాటిని ఏం చెయ్యాలి? మా పక్కింట్లో ఒకటుంది. వదిలెయ్యమని చెప్పనా?

కాగితాల మనిషి
మేడెక్కి వదిలెయ్యొద్దు. ఏళ్ళ తరబడి ఎగరని పక్షిని గాలిలోకి విసిరితే సాయంత్రానికి కాకులు పొడిచి చంపుతాయి. అటవీ శాఖ వాళ్ళకి అప్పజెప్పమనండి.

చెట్టు మీదే బాగుంది
ఏ పక్షీ వద్దు అనేవాళ్ళు ఒక్కరూ లేరా ఇక్కడ? ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) క్యాంపస్‌లో సాయంత్రం ఐదున్నరకి నిలబడండి. గుంపులు గుంపులుగా చిలుకలు అరుచుకుంటూ పోతాయి. డబ్బు ఖర్చు లేదు, రెట్ట ఎత్తక్కర్లేదు. పాపకి ఒక బైనాక్యులర్ కొనివ్వండి. ఎగిరేదాన్ని కొని ఎగరకుండా పెట్టడం ఎందుకు?

ఎన్ఏడీ ఆకుపచ్చ
పంజరంలోనే పుట్టిన పక్షిని ఎక్కడ వదులుతారు సార్? దానికి చెట్టే తెలియదు.

చెట్టు మీదే బాగుంది
వదలమనలేదు. కొనొద్దన్నాను. కొనేవాడుంటేనే పుట్టించేవాడుంటాడు.

సీతమ్మధార పాత కాపు
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. నా పక్షికి రోజూ రెండు మూడు గంటలు గది తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి వదులుతాను. అది సరిపోతుందా అంటే సరిపోదనే అనిపిస్తుంది. అయినా అడిగినాయన కొనడానికి నిశ్చయించుకునే వచ్చారు. ఆయన ఇంట్లోకి వచ్చే పక్షి చావకుండా చూడటం నాకిప్పుడు ముఖ్యం.

అందుకని ఆ సిరంజి పిల్ల సంగతి. ఎవరూ దాని జోలికి వెళ్ళలేదు, నాకు భయం వేసింది. ఈకలు రాని పిల్లకి మొదటిసారి తినిపించేవాళ్ళు రెండు తప్పులు చేస్తారు. తిండి వేడెక్కువైతే గొంతు కింది సంచి కాలిపోతుంది, పైకి తెలిసేసరికి రోజులు గడిచిపోతాయి. సిరంజి తొందరగా నొక్కితే తిండి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నిమిషాల్లో ప్రాణం పోతుంది. పాప చేతిలోనే పోతుంది. చేత్తో తినిపిస్తేనే మచ్చిక అవుతుందన్నది అమ్మేవాళ్ళ మాట. తనంతట తను గింజలు తినడం వచ్చిన పిల్లని తెచ్చుకుని, రోజూ పంజరం పక్కన కూర్చుని నెమ్మదిగా మాట్లాడితే చాలు, వారాల్లో చేతి మీదకొస్తుంది.

గాజువాక గువ్వ
నేను "పోయినా బాధ ఉండదు" అన్నది తప్పే. వెనక్కి తీసుకుంటున్నా. కానీ బడ్జీ అన్న మాట మీదే ఉన్నాను. ఇద్దరూ ఉద్యోగస్తులైతే రెండు బడ్జీలు తెచ్చుకోండి, ఒకదానికొకటి తోడు. రెండుంటే మనుషులకి అంతగా అలవాటు పడవు, అది నిజమే. ఒక్క ముఖ్యమైన విషయం: షాపువాడు పంజరంతో పాటు గూడులా వాడే కుండ అంటగడతాడు. తీసుకోవద్దు. కుండ కనిపిస్తే చాలు గుడ్లు మొదలుపెడతాయి. మా మొదటి ఆడపక్షి ఈతల మీద ఈతలు పెట్టి, చివరికి గుడ్డు అడ్డం పడి పోయింది. ఒంట్లో సున్నం (కాల్షియం) అయిపోయిందని డాక్టరు చెప్పాకే తెలిసింది.

ఉప్పుగాలి
సున్నానికి సముద్రఫేనం (కటిల్‌ఫిష్ లోపలి ఎముక) పెట్టండి. షాపులో ప్యాకెట్ కొనక్కర్లేదు, మన తీరంలో అప్పుడప్పుడు తెల్లగా, తేలిగ్గా, పడవ ఆకారంలో కొట్టుకొస్తుంది. మంచినీళ్ళు మారుస్తూ రెండు మూడు రోజులు నానబెట్టి, ఎండబెట్టి పంజరానికి కట్టండి. విశాఖలో పక్షి పెంచడంలో ఉన్న ఒకే ఒక్క లాభం ఇది. మిగతాదంతా ఉక్కపోత.

మద్దిలపాలెం మూడో అంతస్తు
ఇన్ని సంగతులున్నాయని తెలియదు. ఉప్పుగాలి గారు అన్నాక నిన్న రాత్రి అమ్మని అడిగాను. "పక్షి అంటే నాకు ఇష్టమేరా, కానీ దేవుడి గూడు హాల్లోనే ఉంది, రోజూ అగరుబత్తి వెలిగిస్తాను, శుక్రవారం సాంబ్రాణి వేస్తాను, అది మాననంటే మాననని ముందే చెప్తున్నా" అంది. పొగ పక్షికి పడదా?

సీతమ్మధార పాత కాపు
పడదు. పక్షి ఊపిరితిత్తులు మనకంటే చాలా సున్నితం. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చుట్ట అన్నీ చేటే. వాటన్నిటికంటే ప్రమాదం నాన్‌స్టిక్ పెనం. మర్చిపోయి ఖాళీ పెనం స్టవ్ మీద బాగా వేడెక్కితే వచ్చే పొగకి, పక్క గదిలో ఉన్న పక్షి కూడా నిమిషాల్లో పడిపోతుంది. మనకి వాసన కూడా రాదు. మా ఇంట్లో ఇనప పెనమే. పంజరం హాల్లో వద్దు, వంటగది పక్కన వద్దు. పాప గదిలో, కిటికీ ఉన్న వైపు, ఎండ నేరుగా పడకుండా పెట్టండి. హాల్లో టీవీ పదకొండింటి దాకా మోగుతుంటే పక్షికి నిద్ర ఉండదు. దానికి పది పన్నెండు గంటల నిద్ర కావాలి.

ఒక మాట ఒప్పుకోవాలి. కాక్‌టైల్ రెక్కల నుంచి తెల్లటి పొడి రాలుతుంది. అమ్మగారికి ఆయాసం, అలర్జీ ఉంటే నా ఓటు వెనక్కి తీసుకుంటాను. అప్పుడు బడ్జీలే.

మద్దిలపాలెం మూడో అంతస్తు
అమ్మకి శీతాకాలంలో ఇన్‌హేలర్ ఉంది.

గాజువాక గువ్వ
తేలిపోయింది.

ఎన్ఏడీ ఆకుపచ్చ
గ్రీన్ చీక్‌కి అంత పొడి ఉండదు మరి...

ఉప్పుగాలి
నువ్వు ఊరుకో.

మద్దిలపాలెం మూడో అంతస్తు
షాపుకి ఫోన్ చేశాను. అడ్వాన్స్ వెనక్కి రాదట, కావాలంటే ఆ వెయ్యికి వేరే సామాను తీసుకోమన్నాడు. పరివేష్ అనగానే "అవన్నీ ఎవరు చూస్తారు సార్" అన్నాడు. బాబాయికి కూడా చెప్పేశాను, కాస్త అలిగాడు. పాపతో ఒప్పందం ఏమిటంటే, ఈ నెల పంజరం మాత్రం తెస్తాం. ఖాళీ పంజరానికి రోజూ నీళ్ళ గిన్నె మార్చి, అడుగున కాగితం మార్చి నెల రోజులు చూపించాలి. స్కూలు బస్సు వచ్చేలోపు చేసెయ్యాలి. చేస్తే రెండు బడ్జీలు. డాక్టరు అమ్మని ఒకసారి చూశాకే. వెయ్యికి పంజరమే తీసుకుంటాను. ఎలాంటిది చూడమంటారు?

సీతమ్మధార పాత కాపు
ఎత్తు కాదు, వెడల్పు చూడండి. పక్షి అడ్డంగా ఎగురుతుంది. గుండ్రటిది, గోపురం లాంటిది వద్దు. కడ్డీల మధ్య సందు సెంటీమీటరుకి అటూ ఇటూ ఉండాలి, బడ్జీ తల దూరకూడదు. లోపల వాడిచ్చే ప్లాస్టిక్ కర్రలు తీసేసి, జామ కొమ్మలు లావువి సన్నవి కడిగి పెట్టండి.

గాజువాక గువ్వ
అద్దం కూడా ఇస్తాడు. అదీ పక్కన పడెయ్యండి.