మానిఫోల్డు బిగించక ముందే కొత్త సెల్ఫ్ మోటారును పరీక్షించవచ్చా?

ప్రశ్న (సఖినేటిపల్లి నుంచి)

నమస్కారమండీ. మా నాన్నగారిని నెలకు రెండుసార్లు నరసాపురం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గోదావరిని పంటు (బళ్లనూ మనుషులనూ దాటించే పెద్ద పడవ) మీదే దాటుతాం. పోయిన నెల పంటు అవతలి రేవుకు చేరాక మా పాత పెట్రోలు కారు సెల్ఫ్ తీసుకోలేదు. మా వెనక దిగవలసిన బళ్లన్నీ ఆగిపోయాయి. పంటు మనుషులూ ఇద్దరు కుర్రాళ్లూ కలిసి రేవు ఎగువ దాకా తోశారు. "నేను దిగుతానురా, బరువు తగ్గుతుంది" అని నాన్నగారు తలుపు తీయబోయారు. ఆ మాట నన్ను ఇంకా వదలడం లేదు.

మా ఇంజనులో సెల్ఫ్ మోటారు ఇన్‌టేక్ మానిఫోల్డు (సిలిండర్లకు గాలి అందించే గొట్టాల భాగం) కింద ఉంటుంది. దానికి చెయ్యి అందాలంటే ఎయిర్ ఫిల్టర్ డబ్బా, థ్రాటిల్ బాడీ, మానిఫోల్డు అన్నీ విప్పాలి. ఆ తర్వాతి వారం ఒక షెడ్డులో చేయించాను. మోటారు లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు మార్చి, అన్నీ బిగించి తాళం తిప్పితే 'టక్' మని ఒక్క శబ్దం వచ్చి ఆగిపోయింది. మళ్లీ విప్పారు, మళ్లీ మజూరీ తీసుకున్నారు, మానిఫోల్డు అతుకులో గాలి పోకుండా వేసే గ్యాస్కెట్ కూడా చిరిగింది. రెండు రోజులు నడిచి మళ్లీ అదే 'టక్'.

అందుకే ఈసారి కొత్త మోటారు తెచ్చి నేనే బిగించాను. రెండు బోల్టులూ వైర్లూ పూర్తయ్యాయి, మానిఫోల్డు ఇంకా వరండాలో చాప మీద ఉంది. ఇప్పుడే సెల్ఫ్ కొట్టి చూడవచ్చా? ఇంజనుకు ఏమైనా నష్టమా? గొట్టాలు విప్పినప్పుడు కొంత కూలెంట్ కూడా కారిపోయింది.

జవాబు 1 (రావులపాలెం, బస్సు డిపోలో పనిచేసి రిటైరయ్యాను)

చూడవచ్చు కాదు బాబూ, చూసి తీరాలి. మూడు సెకన్లు తిప్పడానికి కూలెంట్ తక్కువైనా నష్టం లేదు. ఇంజన్ ఆయిల్ మాత్రం ఉండాలి. వాల్వులను పిస్టన్లతో లయగా నడిపే టైమింగ్ బెల్టు జోలికి నువ్వు వెళ్లలేదు కాబట్టి వాల్వుల భయం లేదు. అది ఊడి ఉంటే మాత్రం తాళం ముట్టుకోకూడదు, చాలా ఇంజన్లలో పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి.

నాకున్న భయం వేరు. మానిఫోల్డు తీసేశాక హెడ్డులో (సిలిండర్ల పైభాగం) లోపలికి వెళ్లే నాలుగు రంధ్రాలు నోరు తెరుచుకుని ఉంటాయి. ఇంజను తిరిగితే అవి గాలిని బలంగా లాగుతాయి. దుమ్ము పడకుండా గుడ్డలు కుక్కి ఉంటావు కదా, ఎన్ని పెట్టావో లెక్కపెట్టి అన్నీ తీసెయ్యి. టార్చి వేసి ఒక్కో రంధ్రంలోకీ చూడు. చిన్న వాషరు లోపలికి పోయినా ఇంజను మొత్తం విప్పాల్సి వస్తుంది.

ఇంజను స్టార్ట్ కాకూడదు. ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసెయ్యి, ఇగ్నిషన్ కాయిల్ కనెక్టర్లు ఊడదియ్యి. ఆ పంపు తిరిగితే విప్పి ఉన్న గొట్టం నుంచి పెట్రోలు చిమ్ముతుంది, పక్కనే బ్యాటరీ నిప్పురవ్వ. స్పార్క్ ప్లగ్గులు మాత్రం తీయకు. ప్లగ్గులు తీస్తే ఇంజను తేలికగా తిరిగి మోటారు బాగున్నట్లు కనిపిస్తుంది. కంప్రెషన్ మీద, అంటే సిలిండర్లలో గాలి నొక్కుకుంటుండగా తిప్పితేనే అసలు సంగతి తెలుస్తుంది. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళం దగ్గర ఒకరిని కూర్చోబెట్టు.

జవాబు 2 (భీమవరం, ఆటో ఎలక్ట్రీషియన్)

పెద్దాయన చెప్పినదంతా నిజమండి. అయితే రెండుసార్లు అదే 'టక్' వచ్చిందంటే నా అనుమానం మోటారు మీద కాదు, ఎర్తు మీద, అంటే బ్యాటరీ మైనస్‌ను ఇంజను ఒంటికి కలిపే పట్టీ మీద. 'టక్' అన్నది సోలినాయిడ్, అంటే మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్చి, చేసే శబ్దం. దానికి కొద్ది కరెంటు చాలు. మోటారు 150 ఆంపియర్లు లాగుతుందనుకోండి, దారిలో ఎక్కడో 0.02 ఓమ్ నిరోధం ఉన్నా 3 వోల్టులు అక్కడే పోతాయి. మామూలు మల్టీమీటరుతో ఓమ్‌లు కొలిస్తే ఇది పట్టుబడదు, తిరుగుతుండగా వోల్టులు కొలవాలి.

ముందు బ్యాటరీ చూడండి. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే దిగకూడదు. తర్వాత మీటరు ఒక కొనను బ్యాటరీ మైనస్ పోలు మీద, రెండో కొనను ఇంజను ఒంటి మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2, 0.3 వోల్టులు దాటితే ఎర్తు పట్టీ చెడిందన్న మాటే. మీది అంతర్వేది వైపు కదా, ఉప్పుగాలికి ఆ పట్టీలు పైన బాగానే కనిపించి లోపల పచ్చగా తుప్పుపడతాయి.

శబ్దం కూడా వినండి. కరకరమంటే వెంటనే ఆపాలి, మోటారు పళ్లు ఇంజను ఫ్లైవీల్ చక్రం చుట్టూ ఉన్న పళ్ల రింగులో సరిగా కూర్చోవడం లేదు. పాత మోటారు పళ్లూ కొత్తదాని పళ్లూ లెక్కపెట్టి పోల్చారా?

ప్రశ్న వేసినవారు (మరునాడు)

పళ్లు సరిపోయాయండి. గుడ్డలు నాలుగూ తీశాను, ఫ్యూజు తీసి జేబులో వేసుకున్నాను. తాళం నాన్నగారు తిప్పారు, మీటరు నేను పట్టుకున్నాను.

మొదటిసారి 'టక్', అంతే. ఎర్తు వైపు 4 వోల్టులకు పైగా చూపించింది. జంపర్ కేబుల్ ఒకటి బ్యాటరీ మైనస్ నుంచి ఇంజను ఒంటికి తగిలించి మళ్లీ తిప్పమన్నాను. ఇంజను గిర్రున తిరిగింది! పాత పట్టీ విప్పితే పైతొడుగు కింద తీగలు పొడిలా రాలాయి. కొత్త పట్టీ వేసి, బోల్టు కూర్చునే చోట రంగూ తుప్పూ గీకి బిగించాక 0.1 వచ్చింది. వరసగా నాలుగుసార్లు, మధ్యలో నిమిషం ఆపి, మూడేసి సెకన్లు తిప్పాం. ఒక్కసారీ తడబడలేదు.

షెడ్డువాళ్లు వేసిన బ్రష్‌లు బాగానే ఉండి ఉండవచ్చు. వాళ్ల మీద చాలా కోపం పెట్టుకున్నాను. పాత మోటారును ఈ కొత్త ఎర్తు మీద ఒకసారి చూశాకే ఎవరిది తప్పో అనుకుంటాను.

జవాబు 1 (రావులపాలెం)

మానిఫోల్డుకు కొత్త గ్యాస్కెట్ వెయ్యి, పాతది మళ్లీ వాడకు. బోల్టులు మధ్య నుంచి చివరలకు కొద్దికొద్దిగా బిగించు. కూలెంట్ నింపి గాలి తీయడం మరచిపోకు.

ప్రశ్న వేసినవారు

అలాగే చేశానండి. ఫ్యూజు కూడా తిరిగి పెట్టాను. శుక్రవారం పొద్దున తొలి పంటుకు వెళ్తున్నాం.