కెమెరా పెట్టగానే మా అవ్వ తమిళంలోకి మారిపోతోంది, ఏం చేయాలి?

చెన్నై పెరంబూరులో ఉంటాను, విస్కామ్ (విజువల్ కమ్యూనికేషన్ డిగ్రీ) రెండో ఏడు. ఈ సెమిస్టర్‌కి 12 నిమిషాల డాక్యుమెంటరీ తీయాలి. మా ఇంటి తెలుగు మీద తీస్తున్నా. నాకు తెలుగు చదవడం రాదు (ఇది ఫోన్‌కి చెప్తుంటే అదే రాస్తోంది, తప్పులుంటే దాన్ని తిట్టండి). స్కూల్లో తెలుగువాణ్ణని నన్ను 'గొల్టి' అని వెక్కిరించేవాళ్ళు. నెల్లూరులో పెళ్ళికి వెళ్తే 'అరవోళ్ళు వచ్చారు' అనేవాళ్ళు. సినిమా అంతా ఇదే.

అవ్వకి ఎనభై దాటాయి. పొద్దస్తమానం నన్ను తెలుగులోనే తిడుతుంది. కెమెరా ఎర్రలైటు వెలిగిందా, కొంగు సర్దుకుని తమిళం మొదలెడుతుంది. 'అందరికీ అర్థం కావాలి కదరా' అంటుంది. మూడు రోజులు పోయాయి. పైగా వాయిస్ఓవర్ తమిళంలో చెప్పమని మా సార్. నా తెలుగేమో వంకర.

బెంగళూరు నుంచి ఒకరు:
కుర్చీలో కూర్చోబెట్టి ఉంటావు, అవునా? అలా కూర్చుంటే ఎవరైనా ఉపన్యాసమే ఇస్తారు. చేతికి పని ఉన్నప్పుడు తియ్యి. ఎర్రలైటు మీద నల్ల టేపు అంటించు, కానీ తీస్తున్నానని ముందే చెప్పు, దొంగచాటుగా వద్దు. వంటింట్లో ట్యూబ్‌లైటు ఉంటే షట్టర్ స్పీడు 1/50 సెకనులో పెట్టు, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చారలు రావు. మైకు పట్టుచీరకి పెట్టకు, గరగర తప్ప ఏమీ వినపడదు. వాయిస్ఓవర్ వంకర తెలుగులోనే చెప్పు. సార్‌కి సబ్‌టైటిల్స్ ఉన్నాయిగా.

మైలాపూరు, రిటైర్డ్ టీచర్ని:
బాబూ, బడిలో నీకు తెలుగు ఎందుకు అందలేదో కూడా చెప్పు. 2006 చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి తప్పనిసరి అయింది, ఏడాదికో తరగతి చొప్పున పైకి వెళ్ళింది. పొట్టి శ్రీరాములు గారు 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి కన్నుమూసింది మా మైలాపూరులోనే. అది కూడా ఒక షాట్ తీసుకో.

బెంగళూరు నుంచి:
మాస్టారూ, 12 నిమిషాల్లో చరిత్రంతా పట్టదండీ. అవ్వకి గుర్తుంటేనే పెట్టు తమ్ముడూ.

అడిగినవాణ్ణి:
టేపు వేశాను, చెప్పే వేశాను. మునగాకు దూస్తూ 40 నిమిషాలు మాట్లాడింది, మొత్తం తెలుగే! శ్రీరాములు గారి గురించి అడిగితే 'ఆ రోజుల్లో మా నాన్న మమ్మల్ని వీధిలోకి పోనివ్వలేదు' అని ఆగిపోయింది. అది ఉంచుతున్నా. మిగతాదాంట్లో పాతిక నిమిషాలు మా పెద్దత్త మీద ఫిర్యాదులే. స్క్రీనింగ్‌కి పెద్దత్త కూడా వస్తానంటోంది, ఇప్పుడు టెన్షన్ అదీ.