ఓసేజ్ ఆరెంజ్ చెక్క రంగు నూలు బట్ట మీద నిలవడం లేదు

మేం ఉండేది కాన్సాస్‌లో. ఇక్కడ ఇనుప ముళ్లకంచె రాకముందు పొలాల చుట్టూ కంచెగా నాటిన ఓసేజ్ ఆరెంజ్ చెట్లు ఇంకా వరసగా ఉన్నాయి. కోస్తే లోపల చెక్క అచ్చం పసుపుకొమ్మే. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల ఖాకీకి ఈ రంగు వాడారని చదివి, రంపపు పొట్టు తెచ్చుకున్నాను.

200 గ్రాముల పొట్టు రాత్రంతా నానబెట్టి, గంటసేపు సన్నమంట మీద మరిగించి వడకట్టాను. రంగు పట్టడానికి ముందే దాని బరువులో 15 శాతం పటిక పట్టించిన ఉన్ని దారం అందులో వేస్తే బంగారు రంగు తేలింది, ఉతికినా చెక్కుచెదరలేదు. అదే పటిక పెట్టిన 100 గ్రాముల నూలు బట్ట మాత్రం రెండో ఉతుకుకే పాత సున్నపు గోడలా వెలిసిపోయింది. ఈసారి కలంకారీవాళ్లలా ముందు కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టి, ఆపైన పటిక పెట్టాను. కొంచెం నయం, కానీ మడతల దగ్గర మచ్చలు, మూడో ఉతుకుకి మళ్లీ అదే తంతు. సబ్బు మార్చాను, నీడలోనే ఆరేశాను.

కరక్కాయ తర్వాత పటికకి బదులు అల్యూమినియం అసిటేట్ (పటికలాగే బట్టకి రంగు పట్టించే లవణం) వాడాలా, లేక పటికలోనే బట్టల సోడా కలిపితే సరిపోతుందా? చేసి చూసినవాళ్లు కొలతతో సహా చెప్పగలరా?