అప్‌డేట్: రాతి పొరలో మర మేకులా కనిపించిన శిలాజం ఏమిటో తేలింది

తీరం పక్కన ఇసుకరాయి పొరలో ఆల్చిప్పలు, స్కాలప్ చిప్పలు చెక్కుచెదరకుండా ఉన్నాయని, వాటి మధ్యే మర మేకుల్లాంటి రాతి మెలికలు గుల్ల లేకుండా ఉన్నాయని, అవేమిటని అడిగాను కదా. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

శిలాజాల మీద పనిచేసే ఒక ప్రొఫెసర్ గారు చూశారు. అవి టరిటెల్లా రకం సముద్రపు నత్తల లోపలి అచ్చులట. నత్త చచ్చాక గుల్లలో చేరిన ఇసుక గట్టిపడింది, ఆ తర్వాత గుల్ల కరిగిపోయింది. ఈ నత్తల గుల్ల అరగొనైట్ అనే ఖనిజం. రాతిలోకి ఇంకే నీటికి అది కాల్సైట్ అనే మరో ఖనిజం కన్నా తేలిగ్గా కరుగుతుంది. ఆల్చిప్పల్లో, స్కాలప్‌లలో ఎక్కువ భాగం కాల్సైటే కాబట్టి అవి నిలిచాయి. కాబట్టి ఒక పొరలో ఆల్చిప్పలే కనిపిస్తే అప్పట్లో అక్కడ అవే బతికాయని అనుకోవడానికి లేదు. నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే.

పనికొచ్చిన సలహా: గుల్ల కరిగిన ఖాళీలో సిలికాన్ రబ్బరు నింపడం. లోపలి అచ్చు నున్నగా ఉంటుంది, దాన్నిబట్టి రకం చెప్పడం కష్టం. రబ్బరు బయటికి తీశాక మాత్రం ప్రతి చుట్టు మీదా సన్నటి గట్లు వరసగా, గోటికి తగిలేంత స్పష్టంగా వచ్చాయి. గుర్తుపట్టింది వాటితోనే.

ఇవి పురుగుల బొరియలేమో అన్న అనుమానం వీగిపోయింది. వయసు తేల్చడానికి కార్బన్ డేటింగ్ ఇక్కడ పనికిరాదు, అది సుమారు 50,000 ఏళ్ల వరకే. ఈ పొర అంతకన్నా చాలా పాతది. వెనిగర్‌తో మాత్రం కడగకండి, మిగిలిన చిప్పలు కూడా కరుగుతాయి.