పారేసిన ప్రాస: లండన్ కాక్నీ మాటలు

ప్రశ్న: మా అమ్మాయి లండన్‌లో పనిచేస్తోంది. అక్కడ ఒక పెద్దాయన ఎవరి చేతిలో ఏ కాగితం ఉన్నా ‘బుచర్స్’ అడుగుతారట, అంటే చూపించమని. బుచర్ అంటే కసాయి కదా! చూడటానికీ కసాయికీ ఏమిటి సంబంధం?

జవాబు: అది కాక్నీ మాటండీ, తూర్పు లండన్ శ్రామికవాడలది. చీప్‌సైడ్‌లోని సెయింట్ మేరీ లె బో చర్చి గంటలు వినిపించేంత దూరంలో పుట్టినవాళ్లే అసలు కాక్నీలని పాత లెక్క. చూపును ఇంగ్లీషులో ‘లుక్’ అంటారు. దానికి అంత్యప్రాసగా ‘బుచర్స్ హుక్’ను తెచ్చారు, అంటే కసాయి మాంసం వేలాడదీసే కొక్కెం. ఆ తర్వాత ప్రాస కుదిరిన ‘హుక్’నే తీసి పారేశారు. కసాయి ఒక్కడే మిగిలాడు.

ప్రాస కుదిరితే మనం పదిమందికీ వినిపించుకుంటాం. వీళ్లు దాన్నే మింగేస్తారు. అందుకే అందరూ చెప్పే ‘ఆపిల్స్ అండ్ పేర్స్’ నాకంత రుచించదు. అది స్టేర్స్‌కు, అంటే మెట్లకు మారుపేరు. పూర్తిగా చెబితే గుట్టు విప్పినట్టే. ‘లోఫ్’ చూడండి. హెడ్‌కు ప్రాస ‘లోఫ్ ఆఫ్ బ్రెడ్’. బ్రెడ్ జారిపోయింది, ‘నీ లోఫ్ వాడు’ అంటే బుర్ర ఉపయోగించమని. ‘చైనా’ అంటే స్నేహితుడు: చైనా ప్లేట్, మేట్. ‘రూబీ’ అంటే మన కర్రీ! రూబీ మర్రీ ఉత్తర ఐర్లండ్ గాయని. 1955లో ఒకే సమయంలో ఆమె పాటలు అయిదు బ్రిటన్ టాప్ ట్వంటీలో ఉన్నాయి. పాటలు మరుగునపడ్డా పేరు మాత్రం కూర గిన్నెలో నిలిచింది.

ప్రశ్న: అయితే మన క-భాష లాంటిదేనా? చిన్నప్పుడు పెద్దవాళ్లకు తెలియకుండా ‘కనుకవ్వు కరా’ అనుకునేవాళ్లం.

జవాబు: కాదనే అంటాను. క-భాషలో ‘క’లు తీసేస్తే ‘నువ్వు రా’ బయటపడుతుంది. ఇక్కడ సూత్రం తెలిసినా లాభం లేదు, పోయిన సగం ఏమిటో ముందే తెలిసి ఉండాలి. దొంగలు పోలీసుల చెవిన పడకుండా కల్పించుకున్నారని ఒక వాదన ఉంది, నాకు నమ్మకం లేదు. 1859లోనే జాన్ కామ్డెన్ హాటెన్ తన నిఘంటువులో ఈ మాటల పట్టిక అచ్చువేశాడు. వీధుల్లో పాటలు, కరపత్రాలు అమ్ముకునేవాళ్ల మాటలని చెప్పాడు. గొంతెత్తి అమ్ముకునేవాడికి రహస్యం కంటే నోటి చాతుర్యమే కదా కూడుపెట్టేది!

అన్నింటిలోకీ నాకిష్టమైనది ‘అరిస్’. పిరుదులను ఇంగ్లీషు మోటుమాటలో ‘ఆర్స్’ అంటారు. లండన్ నోట అది ‘ఆస్’, దానికి ప్రాస ‘బాటిల్ అండ్ గ్లాస్’. గ్లాస్ పోయి బాటిల్ మిగిలింది. అదీ అందరికీ తెలిసిపోయిందేమో, బాటిల్‌కు మళ్లీ ప్రాస వెతికి ‘అరిస్టాటిల్’ను పట్టుకొచ్చారు. ఆయన తోకా కత్తిరించారు.

ఆ పెద్దాయన ఎప్పుడైనా ‘అరిస్’ అంటే, గ్రీకు తత్త్వశాస్త్రం గురించి అడగవద్దని మీ అమ్మాయికి చెప్పండి.