6.5 మిల్లీ ఈవీ దగ్గర గుబ్బ: స్పిన్ రెజొనెన్సా, ఫోనానా?

పెన్న_ఒడ్డు (అనంతపురం):
ఐరన్ టెల్యురైడ్ సెలెనైడ్ సింగిల్ క్రిస్టల్, టెల్యూరియం 0.6, సెలీనియం 0.4, టీసీ (సూపర్ కండక్టర్‌గా మారే ఉష్ణోగ్రత) 14 కెల్విన్. ట్రిపుల్ యాక్సిస్ న్యూట్రాన్ స్పెక్ట్రోమీటర్‌లో చివరి శక్తి (నమూనాలో చెదిరి వచ్చే న్యూట్రాన్ల శక్తి) 14.7 మిల్లీ ఈవీ (మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్) పెట్టి, మొమెంటం స్థానం (1/2, 1/2) దగ్గర 2 కెల్విన్‌లో, 20 కెల్విన్‌లో తీసిన ఎనర్జీ స్కాన్లు ఉన్నాయి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే 6.5 దగ్గర గుబ్బ లేస్తోంది, 3 కింద మైనస్‌లోకి పోతోంది. గుబ్బ స్పిన్ రెజొనెన్స్ (సూపర్ కండక్టివిటీతో పాటు లేచే అయస్కాంత శిఖరం), మైనస్ భాగం స్పిన్ గ్యాప్ (తక్కువ శక్తి దగ్గర స్పిన్ కదలికలు అణగిపోవడం) అని రాసుకోవచ్చా అన్నా? ల్యాబ్‌లో ఒకరు గుబ్బ ఫోనాన్ (క్రిస్టల్‌లో పరమాణువుల కంపనం) అంటున్నారు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
గుబ్బ సంగతి తేలిక. బోస్ గుణకం (వేడితో సిగ్నల్ ఎంత పెరగాలో చెప్పేది) వేసి చూడు. 20 కెల్విన్‌లో కేటీ (బోల్ట్జ్‌మన్ స్థిరాంకాన్ని ఉష్ణోగ్రతతో గుణిస్తే వచ్చేది) 1.72 మిల్లీ ఈవీ, కాబట్టి 6.5 దగ్గర గుణకం 1.02. ఫోనాన్ అయితే చల్లబడేకొద్దీ 2 శాతం తగ్గాలి. నీకు పెరుగుతోంది. ఇంక ఫోనాన్ ఎక్కడిది?

తొందరపడకూడనిది మైనస్ భాగం దగ్గర. 2 మిల్లీ ఈవీ దగ్గర అదే గుణకం 1.46. గ్యాప్ లేకపోయినా ఉత్త తీసివేతలో మైనస్ వస్తుంది. ముందు రెండు స్కాన్లలోంచీ బ్యాక్‌గ్రౌండ్ తీసెయ్, ఆ తర్వాతే గుణకంతో భాగించు. బ్యాక్‌గ్రౌండ్‌లో ఎక్కువ భాగం బోస్‌కు లొంగదు. వరస తప్పితే 20 కెల్విన్ స్కాన్ అనవసరంగా కుంగి, నిజంగా ఉన్న గ్యాప్ కూడా కప్పబడిపోతుంది. పైగా 14.7 తో రిజల్యూషన్ ఇంచుమించు 1 మిల్లీ ఈవీ, 2 కింద ఎలాస్టిక్ తోక (శక్తి మారకుండా చెదిరిన న్యూట్రాన్ల సిగ్నల్) ఉంటుంది. గ్యాప్ తేల్చాలంటే చివరి శక్తి 5 కి దించి, చల్లబరిచిన బెరీలియం ఫిల్టర్‌తో (ఎక్కువ శక్తి న్యూట్రాన్లను ఆపేది) మళ్ళీ తీయాల్సిందే.

గండికోట_గాలి (కడప):
క్రిస్టల్ ఎట్లుందో కూడా చూడప్పా. అదనపు ఐరన్ పొరల మధ్య ఇరుక్కుంటే సూపర్ కండక్టివిటీ దెబ్బతిని, అయస్కాంత సిగ్నల్ బలం (1/2, 0) వైపు జరుగుతుంది. సెలీనియం లేని ఐరన్ టెల్యురైడ్ సొంత అయస్కాంత క్రమం అక్కడే. ఈ (1/2, 0) రెండు ఐరన్‌ల సెల్ (క్రిస్టల్‌లో పదేపదే వచ్చే గడి) లెక్కలోది. ఒక ఐరన్ సెల్ వాడే పేపర్లలో (1/2, 0) అంటే నీ (1/2, 1/2) నే. అంకెలొకటే, చోట్లు వేరు, ఇక్కడ చాలామంది బోల్తా పడతారు.

కొత్త క్రిస్టల్ పెంచేటట్లయితే క్వార్ట్జ్ ట్యూబు రెండు పొరలు సీల్ చెయ్. చల్లారేటప్పుడు లోపలిది తరచూ పగులుతుంది, బయటిది లేకుంటే గాలి సొరబడుతుంది. సెలీనియం 685 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది కాబట్టి నిదానంగా వేడెక్కించు. క్రిస్టళ్ళు అతికించేదానికి మామూలు గమ్ వద్దు. అందులోని హైడ్రోజన్ న్యూట్రాన్లను నలుదిక్కులా చెదరగొడుతుంది. ఫ్లోరిన్ ఉన్న గమ్ వాడు.

పెన్న_ఒడ్డు (అనంతపురం):
(1/2, 0) దగ్గర స్కాన్ ఉంది, దాదాపు చదునుగానే ఉంది. రెజొనెన్స్ శక్తిని కేటీసీతో భాగిస్తే 5.4 వచ్చింది. ఎక్కువ కదా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
కొంచెం ఎక్కువే, కానీ ఈ పదార్థానికి వింత కాదు. బేరియం 122 (బేరియం ఐరన్ ఆర్సెనైడ్) లో పొటాషియం కలిపిన 38 కెల్విన్ నమూనాకు 14 మిల్లీ ఈవీ, అంటే 4.3. కోబాల్ట్ కలిపిన 25 కెల్విన్ దానికి 9.5, అంటే 4.4. ఈ నిష్పత్తి ఒక్కటే చూపి రెజొనెన్స్ అనకు. శక్తిని 6.5 దగ్గర, స్థానాన్ని (1/2, 1/2) దగ్గర బిగించి, 2 నుంచి 20 కెల్విన్ దాకా ఉష్ణోగ్రత స్కాన్ తియ్యి. 14 దగ్గర మలుపు తిరగాలి. 10 నుంచి 16 మధ్య పాయింట్లు దగ్గరదగ్గరగా పెట్టు, మిగతాచోట్ల పలచగా ఉన్నా పర్లేదు.